ప్యాకేజీ మేనేజర్లలో డిఫాల్ట్ అమరికలు

కంప్యూటర్‌లోకి సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టడం, కొత్త వెర్షన్ వస్తే మార్చడం, అక్కర్లేదంటే తీసేయడం చూసుకునే ప్రోగ్రామును ప్యాకేజీ మేనేజర్ అంటారు. డెబియన్, ఉబుంటులలో ఆప్ట్, ఫెడోరాలో డీఎన్‌ఎఫ్, ఆర్చ్ లినక్స్‌లో ప్యాక్‌మ్యాన్, మాక్ మీద హోమ్‌బ్రూ ఈ పని చేస్తాయి. ప్రోగ్రామింగ్ భాషలకు వేరే ఉన్నాయి: జావాస్క్రిప్ట్‌కు ఎన్‌పీఎం, పైథాన్‌కు పిప్, రస్ట్‌కు కార్గో. వీటన్నిటిలోనూ మార్చుకోదగిన అమరికలు పదుల్లో, కొన్నిటిలో వందల్లో ఉంటాయి. వాడేవారు ఏమీ చెప్పనప్పుడు ప్రోగ్రాము తనంతట తాను తీసుకునే విలువే డిఫాల్ట్.

అమరికల ఫైలు తెరిచి చూసేవారు తక్కువ. అందుకే డిఫాల్ట్ పెట్టినవారు లక్షల మంది తరఫున నిర్ణయం తీసుకున్నట్టే లెక్క. ఎడిటర్‌లో అక్షరాల సైజు నచ్చకపోతే నిమిషంలో మార్చుకుంటాం, పోయేదేమీ లేదు. ప్యాకేజీ మేనేజర్ సంగతి వేరు. తరచూ రూట్ అధికారంతో నడుస్తుంది, ఎవరో రాసిన కోడ్‌ను నెట్ నుంచి తెస్తుంది, ఎవరూ చూడని వేళ సర్వర్ మీద ఏదో స్క్రిప్టు దాన్ని పిలుస్తుంది. ఎక్కువ మందికి ఏది ఇష్టమో చూసి డిఫాల్ట్ పెట్టేస్తే ఇక్కడ చాలదు. ఆ ఎంపిక తప్పయిన రోజున వెనక్కి రావడానికి దారి ఉందా, నష్టం ఎవరి నెత్తిన పడుతుంది అని కూడా చూడాలి. కింద చెప్పబోయే డిఫాల్ట్‌లలో నిలబడినవి ఈ లెక్క వేసుకున్నవి. తర్వాత మార్చాల్సి వచ్చినవి చాలావరకు వేసుకోనివి.

సిఫారసు చేసిన ప్యాకేజీలు

డెబియన్‌లో ఒక ప్యాకేజీ తనకు కావలసిన ఇతర ప్యాకేజీలను మూడు మెట్లలో చెప్పుకుంటుంది. అది లేకపోతే నడవనే నడవదంటే 'డిపెండ్స్'. మామూలుగా అందరి దగ్గరా తోడుగా ఉండేదైతే 'రికమెండ్స్'. ఉంటే ఉపయోగం, లేకపోయినా పర్లేదంటే 'సజెస్ట్స్'. చాలా ఏళ్లపాటు ఆప్ట్-గెట్ వీటిలో మొదటిదాన్నే పట్టించుకునేది, సిఫారసులను వదిలేసేది. అదే డెబియన్‌లో ఆప్టిట్యూడ్ అనే మరో ప్రోగ్రాము వాటిని కూడా తెచ్చేది. ప్యాకేజీ ఒకటే అయినా ఏ ఆదేశంతో పెట్టారన్న దాన్నిబట్టి మిషన్ మీదికి వచ్చేది మారిపోయేది.

దీని దెబ్బ వాడేవారి కంటే ప్యాకేజీ తయారుచేసేవారి మీద ఎక్కువ పడింది. సిఫారసు అని రాస్తే ఆప్ట్-గెట్ తేదు. ఫలానా సౌకర్యం పనిచేయడం లేదంటూ బగ్ రిపోర్టు వస్తుంది. ఆ తలనొప్పి వదిలించుకోవడానికి సులువైన మార్గం, సిఫారసుగా ఉండాల్సినదాన్ని డిపెండ్స్‌లోకి ఎక్కించడం. అలా ఎక్కిస్తే అది వద్దనుకునేవారికి ఇక తప్పించుకునే వీలుండదు. ఒక డిఫాల్ట్ తప్పుగా ఉంటే దాన్ని సరిదిద్దుకోవడానికి చుట్టూ ఉన్నవారంతా తమ ప్యాకేజీలను వంచుకుంటారన్న సంగతి ఇక్కడ కనిపిస్తుంది. ఉబుంటు 2008 అక్టోబరులో 8.10 వెర్షన్‌తో, డెబియన్ 2009 ఫిబ్రవరిలో 5.0 'లెన్నీ'తో సిఫారసులను కూడా తేవడమే డిఫాల్ట్ చేశాయి. ఆ తర్వాతే మూడు మెట్లకూ వాటి అర్థం వాటికి దక్కింది.

మార్పు సరైనదే. కాకపోతే ఎదుట మనిషి కూర్చుని వాడే డెస్క్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకున్న మార్పు అది. 2013లో డాకర్ వచ్చి, ఒక్క ప్రోగ్రామును మాత్రమే నడిపే చిన్న కంటైనర్లను తయారుచేయడం మామూలయ్యాక లెక్క తిరగబడింది. అక్కడ ప్రతి అదనపు ప్యాకేజీ ఇమేజ్ సైజు పెంచుతుంది, భద్రతా లోపాల జాబితాలో ఇంకో పద్దు చేరుస్తుంది. అందుకే ఇవాళ డాకర్‌ఫైళ్లలో ఆప్ట్-గెట్ పక్కన సిఫారసులు వద్దనే ఫ్లాగ్ దాదాపు మంత్రంలా కనిపిస్తుంది. దీన్నిబట్టి డిఫాల్ట్‌ను మళ్లీ మార్చాలని అనలేం. డాకర్‌ఫైలు రాసేవారికి ఫ్లాగ్ గురించి తెలుసు, ఒకసారి రాస్తే ఎప్పటికీ పనిచేస్తుంది. డెస్క్‌టాప్ ముందు కూర్చున్న మనిషికి తన దగ్గర ఏం లేదో కూడా తెలియదు. ఫెడోరా వాడే ఆర్‌పీఎం వైపు సిఫారసుల్లాంటి ఈ బలహీన ఆధారాలు 2014లో, 4.12 వెర్షన్‌తో వచ్చాయి. డీఎన్‌ఎఫ్ వాటిని మొదటి నుంచీ తెస్తోంది కాబట్టి ఆ గొడవ అక్కడ లేదు.

తెలుగువారికి ఈ విషయం అక్షరాల రూపంలో ఎదురవుతుంది. బ్రౌజరు నడవడానికి తెలుగు ఫాంటు అక్కర్లేదు కనుక దాన్ని ఎవరూ డిపెండ్స్‌లో రాయరు. మరీ చిన్నగా పెట్టుకున్న డెబియన్‌లో అన్నీ సవ్యంగానే ఇన్‌స్టాల్ అవుతాయి, ఒక్క ఎర్రర్ కూడా రాదు, తీరా తెలుగు పేజీ తెరిస్తే డబ్బాలు కనిపిస్తాయి. అప్పుడు 'ఫాంట్స్-తెలు' అనే ప్యాకేజీని విడిగా అడిగి తెచ్చుకోవాలి.

ఎంటర్ కొడితే ఏమవుతుంది

'కొనసాగించమంటారా' అని ఆప్ట్ అడిగినప్పుడు ఉత్తి ఎంటర్ కొడితే అవునని అర్థం. డీఎన్‌ఎఫ్ అడిగినప్పుడు అదే ఎంటర్‌కు కాదని అర్థం. రెండింటికీ సమర్థన ఉంది. అడిగినది ఒక్కటే, దానితో పాటు వేరే ఏమీ రావడం లేదు, పోవడం లేదంటే ఆప్ట్ అసలు ప్రశ్నే వేయదు. ఇలా అనవసరంగా అడగకపోవడం మంచి పద్ధతి. ప్రతిసారీ అడిగే ప్రశ్నకు చేతివేలు అలవాటుగా జవాబు చెబుతుంది, కన్ను చదవదు.

అందరూ నేర్చుకోదగ్గ డిఫాల్ట్, ఆప్ట్ కింద ఉండి ప్యాకేజీలను పెట్టే డీపీకేజీలో ఉంది. సర్వర్ నిర్వాహకుడు ఒక కాన్ఫిగరేషన్ ఫైలును తన అవసరానికి మార్చుకున్నాడనుకుందాం. కొత్త వెర్షన్‌లో ఆ ఫైలు కూడా మారి వచ్చింది. ఏది ఉంచాలి? డీపీకేజీ ఆగి అడుగుతుంది. ఎంటర్ కొడితే నిర్వాహకుడి ఫైలే ఉంటుంది, కొత్తది వేరే పేరుతో పక్కన పడుతుంది. ప్యాక్‌మ్యాన్ కూడా అంతే చేస్తుంది, కొత్తదాన్ని 'ప్యాక్‌న్యూ' అనే తోకతో పక్కన పెడుతుంది. కారణం సూటిగా ఉంది. ప్యాకేజీతో వచ్చే ఫైలును ఎన్నిసార్లయినా మళ్లీ తెచ్చుకోవచ్చు. మనిషి చేత్తో చేసిన మార్పు పోతే మళ్లీ దొరకదు. దీనిలో నష్టం లేకపోలేదు: కొత్త వెర్షన్‌కు పాత కాన్ఫిగరేషన్ సరిపడక సర్వీసు మొదలు కాకపోవచ్చు. అయినా అది కనిపించే నష్టం, సరిచేసుకోగల నష్టం.

అడిగి జవాబు తీసుకునే ఈ పద్ధతి పరాకాష్ఠకు చేరినప్పుడు ఏమవుతుందో 2021 నవంబరులో లోకమంతా చూసింది. కెనడాకు చెందిన ప్రసిద్ధ యూట్యూబర్ లైనస్ సెబాస్టియన్ పాప్ ఓఎస్ అనే లినక్స్ మీద స్టీమ్ అనే గేముల ప్రోగ్రాము పెట్టబోయాడు. అప్పటికి ఆ ప్యాకేజీల మధ్య ఉన్న ఒక పొరపాటు వల్ల, స్టీమ్ రావాలంటే డెస్క్‌టాప్ మొత్తం పోవాలని ఆప్ట్ తేల్చింది. పోయేవాటి జాబితా చూపించి, ప్రమాదమని హెచ్చరించి, నిజంగా కావాలంటే 'యెస్, డూ యాజ్ ఐ సే!' అనే వాక్యాన్ని అక్షరం పొల్లుపోకుండా టైప్ చేయమంది. ఆయన చేశాడు. డెస్క్‌టాప్ పోయింది.

హెచ్చరిక చదవకపోవడం ఆయన తప్పేనని చాలామంది అన్నారు. ఆప్ట్ రాసేవారు అలా అనుకోలేదు, అదే వారి గొప్పతనం. 2.3.12 వెర్షన్‌లో, అత్యవసరమని గుర్తు పెట్టిన ప్యాకేజీలను తీసేసే దారిని ఆప్ట్ తనంతట తాను ఎంచుకోకుండా కట్టడి చేశారు. నిజంగా తీసేయాల్సినవారు అందుకని ఉన్న ఫ్లాగ్‌ను ముందే ఇవ్వాలి. తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ చిన్నది కాదు. పాత పద్ధతిలో ఏం టైప్ చేయాలో తెరమీదే రాసి ఉండేది, చూసి కొట్టేయవచ్చు. కొత్త పద్ధతిలో పని ఆగిపోతుంది, మనిషి వెళ్లి వెతుక్కుని రావాలి. ఆ వెతుకులాటలోనే సగం మందికి అసలు సంగతి తెలుస్తుంది.

ఏ వెర్షన్

ప్రోగ్రామింగ్ భాషల ప్యాకేజీ మేనేజర్లలో అన్నిటికంటే ఎక్కువ ప్రభావం చూపిన డిఫాల్ట్ ఒక్క గుర్తు. ఎన్‌పీఎంతో ఏదైనా లైబ్రరీ తెచ్చుకుంటే ప్రాజెక్టు ఫైలులో దాని వెర్షన్ ముందు ^ అనే గుర్తు పడుతుంది. ^1.2.3 అంటే 2.0.0 కంటే తక్కువైన కొత్త వెర్షన్ ఏది వచ్చినా సమ్మతమే. 2014కు ముందు అక్కడ ~ పడేది, ~1.2.3 అయితే 1.3.0 దాకా పోనివ్వదు. చిన్న మార్పులు దేన్నీ చెడగొట్టవని లైబ్రరీ రాసేవారు మాట ఇస్తారు, ఆ మాట మీద నమ్మకమే ఈ డిఫాల్ట్. కార్గో ఒక అడుగు ముందుకు వేసి, గుర్తు లేకుండా ఉత్తి అంకె రాసినా ^ ఉన్నట్టే భావిస్తుంది.

మాట తప్పేవారికి, మాట ముసుగులో మోసం చేసేవారికి ఇదే తలుపు. 2018లో ఈవెంట్-స్ట్రీమ్ అనే లైబ్రరీ నిర్వహణ కొత్త మనిషి చేతికి వెళ్లింది, అతను దొంగ కోడ్ ఉన్న మరో ప్యాకేజీని దానికి ఆధారంగా చేర్చాడు. ఎవరూ ఏమీ మార్చకుండానే ఆ కోడ్ ఎన్నో ప్రాజెక్టుల్లోకి వచ్చి చేరింది. 2022 జనవరిలో కలర్స్ అనే లైబ్రరీని దాని సొంత రచయితే అంతులేని లూప్‌తో చెడగొట్టి విడుదల చేశాడు. దాన్ని వాడే ప్రోగ్రాములు ఆ రోజు తెరనిండా పిచ్చి అక్షరాలు కక్కాయి.

దీనికి విరుగుడు లాక్‌ఫైలు: ఈసారి సరిగ్గా ఏ వెర్షన్లు తెచ్చామో రాసిపెట్టుకుని మళ్లీ అవే తెచ్చే పద్ధతి. ఎన్‌పీఎం దాన్ని తనంతట తాను రాయడం మొదలుపెట్టింది 2017 మేలో, ఐదో వెర్షన్‌తో. ^ గుర్తుకూ దీనికీ మధ్య మూడేళ్ల ఎడం ఉంది. అయినా ఒక మెలిక ఉంది. ఎన్‌పీఎంలో అందరూ కొట్టే 'ఇన్‌స్టాల్' ఆదేశం అవసరమనుకుంటే లాక్‌ఫైలును తిరగరాస్తుంది. దానికి కచ్చితంగా కట్టుబడేది 'సీఐ' అనే వేరే ఆదేశం. పేరు చూస్తే అది బిల్డ్ సర్వర్లకే అనిపిస్తుంది గనుక చాలామంది తమ మిషన్ల మీద వాడరు.

కొత్తదే తెచ్చే ఈ ధోరణికి గో భాష పూర్తిగా ఎదురు నడిచింది. 2018లో గో బృందానికి చెందిన రస్ కాక్స్ ప్రతిపాదించిన పద్ధతిలో, అందరి అవసరాలూ తీర్చే వెర్షన్లలో వీలైనంత పాతదే వస్తుంది. ఎవరైనా కావాలని అడిగేదాకా నిన్న విడుదలైన వెర్షన్ ప్రాజెక్టులోకి రాదు. భద్రతా సవరణ కూడా అడిగితేనే వస్తుందనేది దీనిమీద ఉన్న ప్రధాన ఆక్షేపణ. ఆక్షేపణ నిజమే. అయినా గత కొన్నేళ్ల దాడులు చూశాక గో పద్ధతే మెరుగని ఒప్పుకోక తప్పదు. జావాస్క్రిప్ట్ వైపు, ఎన్‌పీఎంకు బదులుగా వాడే పీఎన్‌పీఎం కూడా 2025 సెప్టెంబరులో, విడుదలై కొంత సమయం గడిచిన వెర్షన్లను మాత్రమే తీసుకునే అమరిక చేర్చింది. అప్పటికి దాని డిఫాల్ట్ విలువ సున్నా. అంటే అప్పట్లో అడగనివారికి ఆ రక్షణ లేదు.

నమ్మకం

తెచ్చిన ప్యాకేజీ నిజంగా దాని యజమాని పంపిందేనా అని చూడడంలో లినక్స్ పంపిణీలు ముందున్నాయి. డెబియన్ రిపాజిటరీ జాబితాల మీద డిజిటల్ సంతకం సరిచూడడం 2007లో 4.0 'ఎచ్'తో అందరికీ వచ్చింది. మొదట్లో సంతకం కుదరకపోతే హెచ్చరించి అడిగేది. ఇప్పటి ఆప్ట్ సంతకం లేని రిపాజిటరీ నుంచి జాబితా తేవడానికే ఒప్పుకోదు. సంతకమే రక్ష కనుక మామూలు హెచ్‌టీటీపీ చాలన్నది డెబియన్ పాత వాదన. 2019 జనవరిలో ఆప్ట్ దారిమళ్లింపులను అందుకునే తీరులో బయటపడ్డ లోపం ఆ వాదనకు గండి కొట్టింది: నడుమ కూర్చున్న దాడిదారు నకిలీ ప్యాకేజీని అంటగట్టగలిగేవాడు. ఒక రక్షణ ఉంది కదా అని రెండోదాన్ని డిఫాల్ట్‌గా వదిలేయడం ఎంత ప్రమాదమో అప్పుడు తెలిసింది.

డీఎన్‌ఎఫ్‌లో ఇంకో పొర కనిపిస్తుంది. సంతకం సరిచూడమని ఫెడోరా తాను పంపే కాన్ఫిగరేషన్ ఫైలులోనే రాసి పంపుతుంది. అంటే ప్రోగ్రాము రచయితలు పెట్టిన డిఫాల్ట్ మీద పంపిణీ తన డిఫాల్ట్ పరుస్తుంది. ఒకే డీఎన్‌ఎఫ్, అప్‌డేట్ చేసేటప్పుడు అన్నిటికంటే కొత్తది కుదరకపోతే ఫెడోరాలో దాని కింది వెర్షన్‌తో సరిపెట్టుకునేది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 8లో ఆగి ఎర్రర్ చెబుతుంది. ఒకదాన్ని ఇంట్లో వాడతారు, రెండోదాన్ని కంపెనీలు డబ్బిచ్చి నడుపుతాయి, తేడా అక్కడి నుంచి వచ్చింది.

ఎన్‌పీఎం ప్రపంచంలోని అసలు పుండు మాత్రం వేరే. ప్యాకేజీ దిగీ దిగగానే అది తెచ్చుకున్న స్క్రిప్టును ఎన్‌పీఎం అడగకుండా నడిపిస్తూ వచ్చింది. ఆ కోడ్‌ను మీరు వాడనక్కర్లేదు, ఇన్‌స్టాల్ అన్న మాట చాలు. 2018 జులైలో ఈఎస్‌లింట్-స్కోప్ అనే ప్యాకేజీలోకి చొరబడినవారు ఇదే వాడుకుని డెవలపర్ల ఎన్‌పీఎం టోకెన్లు కాజేశారు. 2025 సెప్టెంబరులో షాయ్-హులూద్ అనే పురుగు ఇదే దారిన టోకెన్లు దొంగిలించి, ఆ టోకెన్లతో ఇతర ప్యాకేజీలకు తనంతట తాను అంటుకుంటూ వందల ప్యాకేజీలకు పాకింది. స్క్రిప్టులు ఆపేసే అమరిక ఎన్‌పీఎంలో ముందునుంచీ ఉంది. డిఫాల్ట్ మాత్రం నడిపించడమే. ఆపేస్తే సీ, సీ++ కోడ్‌ను ఆ మిషన్ మీదే కంపైల్ చేసుకునే ప్యాకేజీలు విరిగిపోతాయని భయం. నిజానికి అలాంటి ప్యాకేజీలు మొత్తంలో కొద్ది. ఆ కొద్దిమంది సౌకర్యం కోసం అందరి ఇళ్లకూ గొళ్లెం తీసి పెట్టారు. పీఎన్‌పీఎం 2025 జనవరిలో పదో వెర్షన్‌తో ఈ స్క్రిప్టులను డిఫాల్ట్‌గా ఆపేసింది. కావలసినవాటి పేర్లు జాబితాలో రాసుకోవాలి. జావాస్క్రిప్ట్ ప్యాకేజీలనే తెచ్చే బన్ కూడా ఈ దారిలోనే ఉంది.

పైథాన్ కథ కొంచెం భిన్నం. పిప్ చాలాకాలం ఆపరేటింగ్ సిస్టమ్ సొంతంగా వాడుకునే పైథాన్ లైబ్రరీల మీదే కొత్తవి పరిచేసేది, దాంతో ఆప్ట్ పెట్టినవి చెడేవి. దీనికి పైథాన్‌వారు పెప్ 668 అనే ఒప్పందం రాసుకున్నారు. 2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ బయట పిప్ ఇన్‌స్టాల్ అంటే ఎర్రర్ వస్తుంది. దాటవేసే ఫ్లాగ్ పేరు 'బ్రేక్-సిస్టమ్-ప్యాకేజెస్'. ఏం జరగబోతోందో పేరులోనే చెప్పేసిన ఫ్లాగ్ ఇంతకంటే నిజాయితీగా మరొకటి కనిపించదు. పిప్‌లో ఇంకో లోపం అలాగే ఉంది. కంపెనీ సొంత రిపాజిటరీని అదనపు ఇండెక్స్‌గా చేరిస్తే పిప్ రెండు చోట్లా వెతికి పెద్ద వెర్షన్ అంకె ఉన్నదాన్ని తెస్తుంది. కంపెనీ లోపలి ప్యాకేజీ పేరుతోనే బయట పెద్ద అంకెతో నకిలీది పెడితే అదే గెలుస్తుంది. ఈ దాడి ఎంత సులభమో 2021 ఫిబ్రవరిలో ఒక భద్రతా పరిశోధకుడు పెద్దపెద్ద కంపెనీల మీద చేసి చూపించాడు. 2024లో వచ్చిన యూవీ అనే మరో పైథాన్ ప్యాకేజీ మేనేజర్ దీన్నుంచి నేర్చుకుని, పేరు ఏ ఇండెక్స్‌లో మొదట దొరికితే అక్కడే ఆగుతుంది.

వాడకం వివరాలు సేకరించడం కూడా నమ్మకం కిందికే వస్తుంది. డెబియన్‌లో ఈ పని చేసే పాప్‌కాన్ మీరు ఒప్పుకుంటేనే వివరాలు పంపుతుంది, డిఫాల్ట్ జవాబు వద్దనే. హోమ్‌బ్రూ 2016 నుంచి అడగకుండానే సేకరిస్తోంది, వద్దంటే ఆపుకోవచ్చు. గో బృందం 2023 ఫిబ్రవరిలో హోమ్‌బ్రూ దారినే వెళ్లాలనుకుంది. విమర్శలు వెల్లువెత్తాక, ఒప్పుకున్నవారి నుంచే పంపేలా మార్చుకుంది.

పెట్టాక మార్చడం

ఒకసారి విడుదలైన డిఫాల్ట్ మీద వేల స్క్రిప్టులు లేస్తాయి. మారిస్తే అవి కూలతాయి, మార్చకపోతే కొత్తవారు పాత తప్పునే మోస్తారు. పిప్ 2020 నవంబరులో ఏ వెర్షన్లు తేవాలో లెక్కించే కొత్త పద్ధతి (రిజాల్వర్) తెచ్చినప్పుడు పాతదాన్ని ఒక ఫ్లాగ్ వెనుక ఉంచింది. ఆప్ట్ ఇంకా తెలివిగా చేసింది. 2014 ఏప్రిల్‌లో 1.0తో 'ఆప్ట్' అనే కొత్త ఆదేశం పెట్టి మంచి డిఫాల్ట్‌లన్నీ దానికి ఇచ్చింది, స్క్రిప్టులు వాడే ఆప్ట్-గెట్‌ను ముట్టుకోలేదు. ఇన్‌స్టాల్ అయ్యాక దిగుమతి ఫైళ్లను తుడిచేయడం లాంటివి ఆ తర్వాత కొత్త ఆదేశానికే వచ్చాయి. స్క్రిప్టులో వాడబోతే ఇది మారుతూ ఉంటుంది జాగ్రత్త అని ఆ ఆదేశమే హెచ్చరిస్తుంది. రస్ట్ పరిష్కారం అన్నిటికంటే శుభ్రం: ప్రాజెక్టు తన ఎడిషన్ సంవత్సరం రాసుకుంటుంది, 2021 ఎడిషన్ రాసినవారికి కొత్త రిజాల్వర్ డిఫాల్ట్, అంతకుముందువి రాసినవారికి పాతదే. కొత్తగా ప్యాకేజీ మేనేజర్ రాసేవారెవరైనా ఈ ఏర్పాటును మొదటి రోజే పెట్టుకోవడం మంచిది.

అప్‌డేట్ల సమయానికి సంబంధించిన డిఫాల్ట్‌లు ఇంత జటిలం కాదు. ఉబుంటులోని మరో ప్యాకేజీ మేనేజర్ స్నాప్ రోజుకు నాలుగుసార్లు తనంతట తాను అప్‌డేట్ వెతుకుతుంది. నిరవధికంగా ఆపే సౌకర్యం 2022 చివర్లో గానీ రాలేదు. ఉబుంటు సర్వర్‌లో భద్రతా సవరణలు వాటంతటవే పడతాయి, మిగతావి ఆగుతాయి. హోమ్‌బ్రూ దాదాపు ప్రతి ఇన్‌స్టాల్‌కు ముందు తనను తాను నవీకరించుకుంటూ విసిగించేది. 2023 ఫిబ్రవరి నాటి 4.0లో నవీకరణల మధ్య ఎడాన్ని 24 గంటలకు పెంచారు.

మీ మిషన్ మీద ఏ విలువలు నడుస్తున్నాయో చూడడానికి ఆప్ట్‌లో 'ఆప్ట్-కాన్ఫిగ్ డంప్', ప్యాక్‌మ్యాన్‌లో 'ప్యాక్‌మ్యాన్-కాన్ఫ్' ఆదేశాలు ఉన్నాయి. ఎన్‌పీఎంలో 'కాన్ఫిగ్ ఎల్ఎస్' పక్కన 'ఎల్' ఫ్లాగ్ ఇస్తే డిఫాల్ట్‌లతో సహా చూపిస్తుంది. పిప్ జాబితాలో మార్చినవి మాత్రమే కనిపిస్తాయి. మిగతావాటికి డాక్యుమెంటేషన్ చదవాలి.